రాజ్యభాష వస్తే రాబడి పెరుగుతుందా?

కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకా పల్లె నుంచి వచ్చిన విద్యార్థి ఒకడు కొన్నేళ్ల కిందట ఆర్థికశాస్త్రంలో ఎం.ఏ. చదువుతూ, సాయంకాలాలు మా పీఠంలో తెలుగు సర్టిఫికెట్ కోర్సుకు వచ్చేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. చదువంతా కన్నడంలో సాగింది కనుక తెలుగు అక్షరాలు మాత్రం అప్పుడే దిద్దుకుంటున్నాడు. చేరిన నెలలోపే ఒకరోజు వచ్చి, "తెలుగు చదివితే అది కూడు పెడుతుందా అని మా నాయన అడుగుతున్నాడు సార్. ఏం చెప్పేది?" అన్నాడు.

అన్యభాషా ప్రాంతాలలో తెలుగు బోధించే వారందరూ ఏదో ఒకనాడు వినే ప్రశ్న ఇది. మనం మామూలుగా చెప్పే సమాధానాలు సంస్కృతి, వారసత్వం, పూర్వకవుల గొప్పదనం. అవి తప్పు కావు గాని, అడిగిన ప్రశ్నకు సమాధానాలు కావు. రైతు అడిగింది కూటి సంగతి. ఆ ప్రశ్నను అడిగిన చోటే, అంటే రాబడి దగ్గరే నిలబెట్టి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు ప్రశ్నను కొంచెం విశాలం చేసుకుందాం. ఇంట్లో ఒక భాష, ప్రభుత్వ కార్యాలయంలో, పై చదువులో, పెద్ద బజారులో మరొక భాష ఉన్న పల్లె కుటుంబం ఆ రెండో భాష నేర్చుకుంటే ఆదాయం పెరుగుతుందా? పెరిగితే ఏ దారిలో పెరుగుతుంది? ఆ రెండో భాషను ఇక్కడ రాజ్యభాష అంటున్నాను. మన రాజ్యాంగం దేశానికంతటికీ ఒక జాతీయభాషను ప్రకటించలేదు. 343వ అధికరణం దేవనాగరి లిపిలోని హిందీని కేంద్రప్రభుత్వ అధికారభాషగా మాత్రమే చెప్పింది. కోలారు తెలుగు రైతుకు రాజ్యభాష కన్నడం, హోసూరులో తమిళం, గంజాంలో ఒడియా. భాషను అర్థశాస్త్ర విషయంగా మొదట ప్రతిపాదించినవాడు జేకబ్ మార్షాక్. ఆయన వ్యాసం 1965లో వచ్చింది. ఆ తరువాత జరిగిన పరిశోధనలో ఎక్కువ భాగం అమెరికా, కెనడా వంటి దేశాలకు వలస వెళ్లినవారి గురించి. మనకు కావలసింది ఊరు వదలకుండానే మరొక భాష రాజ్యం కిందికి వచ్చినవారి సంగతి. ఈ ప్రశ్నను సూటిగా, చాలా పెద్ద ఎత్తున ఎదుర్కొన్న దేశం చైనా.

2020 జనాభా లెక్కల ప్రకారం చైనాలో హాన్ జాతికి చెందనివారు సుమారు 12.5 కోట్లు, అంటే నూటికి తొమ్మిది మందికి కొంచెం తక్కువ. ప్రభుత్వం గుర్తించిన అల్పసంఖ్యాక జాతులు 55. దేశమంతటికీ ఉమ్మడి భాషగా నిర్ణయించినది పుతోంగ్‌హువా. ఆ మాటకు 'అందరి పలుకు' అని అర్థం చెప్పుకోవచ్చు. ఉచ్చారణకు బీజింగ్ పలుకుబడి, పునాదికి ఉత్తరాది మాండలికాలు, వ్యాకరణానికి ఆధునిక వ్యావహారిక రచనలు ప్రమాణమని 1956లో నిర్వచించారు. వ్యావహారిక భాషోద్యమ చరిత్ర చదివిన తెలుగు విద్యార్థికి ఈ చివరి ప్రమాణం పరిచయమైనదిగానే తోస్తుంది. 1982 రాజ్యాంగం ఈ భాషావ్యాప్తిని ప్రభుత్వ బాధ్యతగా చెప్పింది. 2000లో ప్రత్యేక చట్టం చేసి 2001 జనవరి 1 నుంచి అమలు చేశారు. పుతోంగ్‌హువా మాట్లాడగలవారు 2000 ప్రాంతంలో నూటికి 53 మంది ఉండగా 2020 నాటికి 80.72 శాతానికి పెరిగారని ప్రభుత్వ లెక్క. మిగిలిపోయినవారిలో పడమటి రాష్ట్రాల పల్లెజనం, అందులోనూ అల్పసంఖ్యాక జాతులవారు, పెద్దవయసువారు ఎక్కువ. అదే ప్రాంతాలలో పేదరికమూ ఎక్కువే. ఈ రెండింటినీ ముడివేసి, ఉమ్మడి భాష నేర్పడం పేదరిక నిర్మూలనలో భాగమని ప్రకటిస్తూ 2018లో మూడేళ్ల కార్యక్రమం ఒకటి చేపట్టారు.

ఆ ముడి నిజమా కాదా అన్నది చూడడానికి ఒక ప్రాంతాన్ని దగ్గరగా పరిశీలిద్దాం. సిచువాన్ రాష్ట్రం దక్షిణాన ల్యాంగ్‌షాన్ అనే కొండప్రాంతం ఉంది. అక్కడివారు యీ జాతివారు. వారి భాష టిబెటో-బర్మన్ కుటుంబానికి చెందింది. వాక్యంలో కర్త, కర్మ, క్రియ వరుస మన తెలుగులాగే ఉంటుంది. చైనా భాషలో క్రియ మధ్యకు వస్తుంది. యీ భాషకు తనదైన లిపి కూడా ఉంది. 819 అక్షరాలతో ప్రామాణికం చేసిన ఆ లిపిని 1980లో ప్రభుత్వం ఆమోదించింది. కనుక ల్యాంగ్‌షాన్ రైతు భాష లేనివాడు కాడు, అక్షరం లేని భాషవాడూ కాడు. అతనికి లేనిది కొండ దిగితే చెల్లే భాష.

కొండ మీద ఉన్నంతసేపు ఆ లోటు తెలియదు. బంగాళాదుంపకూ మొక్కజొన్నకూ ఏ భాష అయినా ఒకటే. అన్నదమ్ములతో పంచుకొనే నీటికీ, పొరుగువాడితో చేసుకొనే బదులుపనికీ ఇంటిభాషే మేలు. రాజ్యభాష ధర పలికేది పొలం గట్టు దాటిన తరువాత. దుంపలు అమ్మబోయినప్పుడు, అప్పు అడగబోయినప్పుడు, అన్నిటికన్నా ఎక్కువగా కూలికి ఊరు వదిలినప్పుడు. అందుకే ఈ విషయంపై చైనాలో జరిగిన అధ్యయనాలలో భాష వల్ల వచ్చే లాభం వ్యవసాయపు ఆదాయంలో కంటే వ్యవసాయేతర కూలిలో స్పష్టంగా కనిపిస్తుంది.

ల్యాంగ్‌షాన్ యువకులు 1990ల తరువాత చాలా దూరం దాటి దక్షిణ తీరంలోని డొంగ్‌గ్వాన్ వంటి ఫ్యాక్టరీ పట్టణాలకు కూలికి వెళ్లారు. వీరిలో చాలామంది ఫ్యాక్టరీతో నేరుగా మాట్లాడుకోలేదు. రెండు భాషలు వచ్చిన తమ జాతివాడే ఒకడు ముఠా కట్టి, యాజమాన్యంతో బేరం కుదిర్చి, పని చూపించి, గంటకూలిలో కొంత తాను మినహాయించుకొని మిగిలింది చేతికి ఇచ్చేవాడు. చైనా సమాజశాస్త్రజ్ఞులు ఈ ముఠాలను వివరంగా అధ్యయనం చేశారు. ఆ మధ్యవర్తి కేవలం దోపిడీదారు కాడు. పని పోయినప్పుడు తిండి పెట్టేదీ, గాయపడితే ఆసుపత్రికి తీసుకెళ్లేదీ అతనే. కాని లెక్క చూస్తే, కూలివాడు తనకు రాని భాషకు గంట గంటకూ కట్టే అద్దె అది.

ఈ మనిషి మనకు కొత్తవాడు కాడు. మన భాషలో ఇతని పేరు మేస్త్రీ. పందొమ్మిదో శతాబ్ది చివరినుంచి గోదావరి, విశాఖ, గంజాం తీరాల తెలుగువారు రంగూను రేవులోనూ ధాన్యపు మిల్లుల్లోనూ పనికి వెళ్లింది మేస్త్రీ చేతికిందే. ఓడ చార్జీ బయానాగా ఇచ్చేది అతను, కూలిలో విరుచుకొనేదీ అతనే. బర్మాలో తెలుగు కూలీలకు 'కోరంగీలు' అన్న పేరు యానాం దగ్గరి కోరంగి రేవు నుంచి వచ్చింది. ఇప్పుడు అటునుంచి ఇటు చూడండి. పశ్చిమ ఒడిషాలోని బొలాంగీరు, నువాపడా జిల్లాలనుంచి తెలంగాణ ఇటుకబట్టీలకు వచ్చే కుటుంబాలకు ఆ మేస్త్రీ పేరు సర్దార్. అక్కడ లేని భాష తెలుగు. మన భాష కూడా మరొకరి పాలిట రాజ్యభాష అవుతుందన్న మాట మనం తరచు మరచిపోతాం.

భాష నేర్చుకోవడం వల్ల కలిగే మొదటి లాభం ఈ అద్దె తగ్గడం. తరువాతిది పని మారడం: మోత పని నుంచి మాట అవసరమైన పనికి, అంటే దుకాణం, డ్రైవింగ్, యంత్రం ముందు సూచనలు చదివే కొలువు వంటివాటికి వెళ్లగలగడం. ఈ లాభాలు నిజమైనవే. వాటిని కొలవడం మాత్రం కనిపించేటంత సులువు కాదు. ఇక్కడ విద్యార్థులు కొంత ఓపిక పట్టాలి.

చైనాలోని సర్వసాధారణ సాంఘిక సర్వే ఒకటి పుతోంగ్‌హువా వినడం, మాట్లాడడం ఎంతవరకు వచ్చునో అయిదు మెట్లలో చెప్పమని మనిషినే అడుగుతుంది. తనకు ఎంత వచ్చో తాను చెప్పుకొనేటప్పుడు సంతలో నెగ్గుకొచ్చే రైతు 'బాగా వచ్చు' అంటాడు, కళాశాలలో తడబడే విద్యార్థి 'అంతంతమాత్రం' అంటాడు. భాషాశాస్త్రం చదివినవారికి ఈ కొలత ఎంత వదులైనదో వేరే చెప్పనక్కరలేదు. అయినా సర్వేలు దీనితోనే సరిపెట్టుకోవలసి వస్తుంది.

అంతకంటే పెద్ద చిక్కు కారణకార్యాలది. పద్దెనిమిదో ఏట కొండ దిగి పదేళ్లు ఫ్యాక్టరీలో పనిచేసినవాడికి పుతోంగ్‌హువా బాగా వస్తుంది, సంపాదనా ఎక్కువగా ఉంటుంది. భాష వల్ల సంపాదన వచ్చిందా, సంపాదనకు పోవడం వల్ల భాష వచ్చిందా? రోడ్డు పక్కన ఉన్న ఊరికి బడీ బాగుంటుంది, బజారూ దగ్గర. ఆ ఊరివాడి భాషనూ రాబడినీ రెండింటినీ తెచ్చింది రోడ్డే కావచ్చు. ఈ చిక్కు విప్పడానికి అమెరికాలో హోయ్ట్ బ్లీక్లీ, ఐమీ చిన్ 2004లో ఒక మంచి ఉపాయం పన్నారు. చిన్నతనంలో వలస వచ్చినవారిలో పసివయసులో వచ్చినవారికి ఇంగ్లీషు సులువుగా పడుతుంది, ముదిరి వచ్చినవారికి పడదు. ఇంగ్లీషు దేశాలనుంచి వచ్చినవారికి ఈ తేడా ఉండదు. ఈ రెండు గుంపులనూ పోల్చి భాష వల్ల వచ్చిన లాభాన్ని విడదీశారు. లాభం ఉన్నట్టే తేలింది. కాని అందులో అధికభాగం చదువు ద్వారా వచ్చింది. భాష వచ్చిన పిల్లవాడు ఎక్కువ ఏళ్లు చదివాడు, ఎక్కువ చదివినందుకు ఎక్కువ సంపాదించాడు.

మన దేశంలోనూ ఇటువంటి ఫలితమే కనిపిస్తుంది. మెహతాబుల్ ఆజం, ఐమీ చిన్, నిశీథ్ ప్రకాశ్ కలిసి 2005 నాటి భారత మానవాభివృద్ధి సర్వే ఆధారంగా ఇంగ్లీషు వల్ల వచ్చే లాభాన్ని లెక్కగట్టి 2013లో ప్రకటించారు. వయసు, సామాజిక వర్గం, చదువు, ప్రాంతం వంటి తేడాలను తీసివేసిన తరువాత కూడా ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడే పురుషుల గంటకూలి బొత్తిగా రానివారికంటే సగటున 34 శాతం, కొద్దిగా వచ్చినవారిది 13 శాతం ఎక్కువగా ఉంది. పత్రికలు ఈ 34 దగ్గరే ఆగిపోతాయి. అసలు విషయం దాని తరువాత ఉంది. యువకులలో ఈ లాభం బాగా చదువుకున్నవారికే దక్కుతోంది. చదువు తక్కువైన యువకుడికి ఇంగ్లీషు వచ్చినా కూలి పెరగడం లేదు. భాష ఒక్కటే తాళంచెవి అనుకొని, చదువు కుంటుపడినా సరే ఇంగ్లీషు బడిలో వేస్తే చాలుననుకొనే తల్లిదండ్రులు ఈ సంగతి గమనించాలి.

పల్లె కుటుంబం విషయంలో మరొక మెలిక ఉంది. కూలి మనిషికి వస్తుంది, రాబడి ఇంటికి వస్తుంది. ఇంట్లో అందరికీ రాజ్యభాష రానక్కరలేదు. ఒక్కరికి వస్తే మిగిలినవారి పని కొంత జరిగిపోతుంది. అక్షరాస్యత విషయంలో ఈ మాటను కౌశిక్ బసు, జేమ్స్ ఫోస్టర్ 1998లో సూత్రీకరించారు. అక్షరం రానివాడు అక్షరం వచ్చిన మనిషి ఉన్న ఇంట్లో ఉంటే, ఒంటరి నిరక్షరాస్యుడికంటే మెరుగైన స్థితిలో ఉన్నట్టే లెక్క కట్టాలన్నారు. భాషకు ఇది ఇంకా బాగా అన్వయిస్తుంది. ఇంటికొక దుబాసి అన్నమాట. పద్దెనిమిదో శతాబ్దపు మద్రాసులో కంపెనీ దొరలకూ ఊరి వర్తకులకూ మధ్య నిలబడి దుబాసీలు గడించిన సంపద, రెండు భాషలు ఒక్క నోట పలకడానికి పలికిన ధర. ఇంటి దుబాసికి అటువంటి ధర ఎవరూ చెల్లించరు. బ్యాంకుకు తోడు రావడం, అర్జీ నింపడం, మందుచీటీ చదవడం – ఈ పనికి జీతం లేదు కనుక సర్వేలోని ఆదాయపు గడిలో ఇది పడదు. చాలా ఇళ్లలో ఈ పని చేసేది బడికి వెళ్లే ఆడపిల్ల. ఆమె పెళ్లయి వెళ్లిపోయిన రోజున ఆ ఇంటి భాషాసంపద ఒక్కసారిగా పడిపోతుంది. సగటు లెక్కలు ఈ సంగతి చెప్పవు.

రాజ్యభాషకు విలువ ఉన్నదంటే ఇంటిభాషకు లేదని అర్థం కాదనడానికి కూడా చైనాలోనే ఉదాహరణ ఉంది. ఈశాన్యాన యన్‌బ్యెన్ ప్రాంతపు కొరియన్ జాతివారు తమ భాషను బడిలోనూ ఇంట్లోనూ నిలుపుకొన్నారు. 1992లో చైనా, దక్షిణ కొరియాల మధ్య దౌత్యసంబంధాలు ఏర్పడేసరికి ఆ భాష ఒక్కసారిగా ధర పలికింది. దక్షిణ కొరియాకు పనికి వెళ్లి ఇంటికి డబ్బు పంపినవారూ, చైనా తీరపట్టణాలలో కొరియన్ కంపెనీలలో కొలువు చేసినవారూ వేలకు వేలు. యీ భాషకు ఆ అదృష్టం లేదు, ఎందుకంటే దాని వెనుక అటువంటి బజారు లేదు. ఇందులో భాషల గొప్పదనం, తక్కువదనం ఏమీ లేదు. రెండో భాషతో కలిసి ఉన్నప్పుడే కొరియన్‌కు కూడా ఆ ధర వచ్చిందని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు అసలు పట్టు చూడండి. నేను చెప్పిన అధ్యయనాలన్నీ పోల్చేది రాజ్యభాష వచ్చినవారిని రానివారితో. ఇంటిభాష మరచినవారిని మరవనివారితో కాదు. పుతోంగ్‌హువా నేర్చుకుంటే లాభమన్నది లెక్కల్లో ఉంది. యీ భాషను గాని మంగోల్ భాషను గాని వదిలిపెడితే లాభమన్నది ఆ లెక్కల్లో లేదు. కాని విధానాలు రూపొందేటప్పుడు మొదటి వాక్యం మెల్లగా రెండోదిగా మారిపోతుంది. 2018లో ల్యాంగ్‌షాన్‌లో బడికి ముందే పిల్లలకు పుతోంగ్‌హువా నేర్పే కేంద్రాలు తెరిచారు. చేర్చడం వరకు దానికి ఆర్థికమైన సమర్థన ఉంది. 2020 శరదృతువులో లోపలి మంగోలియా బడులలో భాషాసాహిత్య పాఠాన్ని మంగోల్ నుంచి ఉమ్మడి భాషకు మార్చడం మొదలుపెట్టి, తరువాతి రెండేళ్లలో నీతి-చట్టం, చరిత్ర పాఠాలకూ వర్తింపజేస్తామన్నప్పుడు తల్లిదండ్రులు పిల్లలను బడి మాన్పించి నిరసన తెలిపారు. అది చేర్చడం కాదు, తీసివేయడం. దానికి ఆదాయపు లెక్కలను సాక్ష్యంగా తేవడం సరికాదని నా అభిప్రాయం.

ఇక శ్రీనివాసపురం రైతు ప్రశ్న. 2011 లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా గలవారు తమిళనాడులో సుమారు 42 లక్షలు, కర్ణాటకలో 35 లక్షలకు పైగా. వీరిలో పాతకాలం నుంచి స్థిరపడిన కుటుంబాలకు రాజ్యభాష కొత్తది కాదు. తరతరాలుగా సంతలో కన్నడం, తమిళం మాట్లాడుతున్నవారే. ల్యాంగ్‌షాన్ యువకుడు ఇప్పుడు సంపాదించుకుంటున్న భాషాలాభాన్ని మన తాతముత్తాతలు ఎన్నడో వసూలు చేసుకున్నారు. కనుక ఇంట్లో తెలుగు మానేస్తే కొత్తగా వచ్చే లాభం ఏదీ లేదు. కొత్తగా రావలసిన లాభమేదైనా ఉంటే అది రాజ్యభాష చదవడం, రాయడంలో ఉంది. 2006లో తమిళనాడులోనూ 2015లో కర్ణాటకలోనూ చేసిన చట్టాలు బడిలో రాష్ట్రభాషను తప్పనిసరి చేశాయి. అందులో తెలుగు పీరియడు పోవడం గురించి మనకు న్యాయమైన ఫిర్యాదులు ఉన్నాయి. కాని పిల్లలకు రాష్ట్రభాష చదువు బాగా రావడం వారి రాబడికి మేలే. ఆ మాట మనం ఒప్పుకోవాలి.

తెలుగు అక్షరం వల్ల రాబడి అందరికీ పెరుగుతుందని నేను చెప్పను. ఎల్లకు దూరంగా ఉన్న ఊళ్లో దానికి బజారు చిన్నది. ఎల్ల పొడుగునా మాత్రం సంగతి వేరు. కోలారు జిల్లా మామిడికి, టమాటాకు చిత్తూరు పళ్లరసం ఫ్యాక్టరీలూ మదనపల్లె మార్కెట్టూ కూడా ఎదురుచూసే చోట్లు. కనుక రైతు పోల్చవలసింది తెలుగును కన్నడంతో కాదు. కన్నడం ఒక్కటే ఉన్న ఇంటిని, కన్నడంతోపాటు తెలుగు కూడా చదవగల ఇంటితో.

ఇదంతా ఆ విద్యార్థికి ఒక్కరోజులో చెప్పలేదు. ముందు అతనికే ఒక పని అప్పగించాను. జనాభా లెక్కలవారు మాతృభాష కాక మరి రెండు భాషల పేర్లు రాసుకొని పోతారు. ఎంత వచ్చు, చదవడం వచ్చా అని అడగరు. నువ్వు సెలవుల్లో మీ ఇంట్లో అడుగు, మండీకి ఎవరు పోతారు, బ్యాంకుకు ఎవరు, తాలూకా ఆఫీసుకు ఎవరు, అక్కడ ఏ భాష మాట్లాడతారు, చేతికి వచ్చిన కాగితం ఎవరు చదువుతారు అన్నాను.

సెలవులు ముగిసి వచ్చి చెప్పాడు. వాళ్ల నాయనకు కన్నడం మాట ధారాళంగా వచ్చు, అక్షరం రాదు. మండీ చీటీ ఇన్నాళ్లూ పదో తరగతి చదివిన అక్క చదివేది. ఆమె పెళ్లయి చింతామణికి వెళ్లాక, చీటీలో ఏమి రాసి ఉందో అది రాసిన గుమాస్తానే అడుగుతున్నాడు. ఆ వేసవిలో ఒక లోడు కాయ చిత్తూరు వైపు పోయింది. అక్కడి చీటీ తెలుగులో వచ్చింది. సర్టిఫికెట్ కోర్సు సగం కూడా కాలేదు గనుక ఒత్తుల దగ్గర తడుముకుంటూనే ఇతను దాన్ని కూడబలుక్కొని చదివి, తూకంలో తరుగు కింద ఎంత పట్టుకున్నారో తండ్రికి చెప్పాడట.